లోపలికా, బయటికా: వెడల్పు వీల్ ఎంచుకునే ముందు బ్యాక్‌స్పేసింగ్ లెక్క

కొత్త వీల్స్ కొనేటప్పుడు అందరం ముందు వైపే చూస్తాం. స్పోక్‌లు ఎన్ని, రంగు ఏంటి, అంచు ఎంత లోతుగా ఉంది అని. వీల్‌ని బోర్లా తిప్పి వెనక చూసేవాళ్లు తక్కువ. అది కారుకి పడుతుందా లేదా అనేది మాత్రం ఆ వెనక వైపే చాలావరకు తేలిపోతుంది.

నా కారుకి ఒకసారి వెడల్పు వీల్స్ వేయించాను. వేసినాయన పాత వీల్, కొత్త వీల్ రెండూ బోర్లా పెట్టి టేపుతో కొలిచి, "రెండిటికీ బ్యాక్‌స్పేసింగ్ ఒకటే సార్, లోపల ఏమీ తగలదు" అన్నాడు. నిజమే, లోపల ఏమీ తగల్లేదు. రెండు వారాల తర్వాత వెనక సీట్లో ముగ్గురిని ఎక్కించుకుని వెళ్తుంటే, స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక నుంచి జిప్పు లాగినట్టు చప్పుడు. దిగి చూశాను. టైరు బయటి భుజం మీద చుట్టూతా ఒక గీత. ఫెండర్ కింద లోపలికి మడిచిన రేకు అంచుకి నల్లటి రబ్బరు పొట్టు, పెన్సిల్ గీత చెరిపినప్పుడు కాగితం మీద మిగిలేలాంటిది, అతుక్కుని ఉంది. వీల్ ఒక అంగుళం వెడల్పు పెరిగి, లోపలి కొలత మారకపోతే, ఆ అంగుళమంతా బయటికే పోతుంది కదా. ఆ సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కాబట్టి ఈ పోలికలో బ్యాక్‌స్పేసింగ్ ఒక్కటే చూడం. దానివల్ల మారే మూడు దూరాలు చూద్దాం.

## రెండు మాటలు, ఒక లెక్క

వీల్‌కి, హబ్ (కారు వైపు వీల్‌ని బిగించే భాగం) మీద ఆనుకునే చదునైన ముఖం ఉంటుంది. అక్కడి నుంచి రిమ్ లోపలి అంచు దాకా, అంటే కారు వైపు ఉండే అంచు దాకా ఉన్న దూరమే బ్యాక్‌స్పేసింగ్. అదే ముఖం రిమ్ నడిమధ్య నుంచి ఎంత పక్కకి జరిగి ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. బయటి వైపుకి జరిగితే పాజిటివ్, కారు వైపుకి జరిగితే నెగెటివ్. ఇప్పటి కార్లలో దాదాపు అన్నీ పాజిటివే. వీల్ మీద ఈటీ45 అని ఉంటే ఆఫ్‌సెట్ 45 మి.మీ. అని. ఆ ఈటీ జర్మన్ మాట ఐన్‌ప్రెస్‌టీఫె నుంచి వచ్చింది. పాత అమెరికన్ కార్ల వీల్స్‌కి బ్యాక్‌స్పేసింగ్ అంగుళాల్లో చెప్తారు, యూరప్, జపాన్ వీల్స్‌కి ఆఫ్‌సెట్ మి.మీ.లలో చెప్తారు. రెండూ కలిసినప్పుడే తికమక.

ఒకదాన్నుంచి ఇంకోటి తేలిగ్గానే వస్తుంది. వీల్ వెడల్పుకి ఒక అంగుళం కలపండి, సగం చేయండి, ఆఫ్‌సెట్ కలపండి. ఒక అంగుళం ఎందుకంటే, 7జె అన్నప్పుడు ఆ 7 అంగుళాలు టైరు బీడ్ (రిమ్‌ని పట్టుకునే టైరు అంచు) కూర్చునే చోట్ల మధ్య దూరం. రెండు పక్కలా అంచుల మందం కలిస్తే అసలు వెడల్పు 8 అంగుళాల దాకా ఉంటుంది. 8 అంగుళాలంటే 203.2 మి.మీ., సగం 101.6. ఈటీ45 అయితే బ్యాక్‌స్పేసింగ్ 146.6 మి.మీ., అంటే 5.77 అంగుళాలు. అంచు మందం వీల్‌ని బట్టి కాస్త మారుతుంది కాబట్టి లెక్క వేశాక కూడా టేపు పెట్టి చూడాల్సిందే.

కొలవడం కష్టమేం కాదు. కింద గుడ్డ పరిచి వీల్‌ని ముఖం కిందికి పెట్టండి. వెనక అంచు మీద అడ్డంగా ఒక తిన్నటి పట్టీ పెట్టి, దాని కింది అంచు నుంచి హబ్ ముఖం దాకా కొలవండి. టైరు ఎక్కించి ఉంటే పట్టీ రిమ్ మీద కాకుండా ఉబ్బిన టైరు మీద కూర్చుంటుంది. అప్పుడు పట్టీకీ రిమ్ అంచుకీ మధ్య సందు ఎంతో చూసి తీసేయాలి. చాలామంది ఇక్కడే 5, 6 మి.మీ. తప్పు చేస్తారు.

## ఏవి చూడాలి

మొదటిది లోపలి ఖాళీ. టైరుకీ స్ట్రట్‌కీ (చక్రం వెనక నిలువుగా ఉండే షాక్ అబ్జార్బర్ కాలు), స్ప్రింగ్ గిన్నెకీ, టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) చివరకీ, బ్రేక్ గొట్టానికీ మధ్య ఎంత ఉందో చూడాలి. వీటిలో నాకు టెన్షన్ పెట్టేది బ్రేక్ గొట్టం. స్ట్రట్‌కి రాసుకుంటే టైరు పోతుంది, గొట్టానికి రాసుకుంటే బ్రేకే పోతుంది.

రెండోది బయటి ఖాళీ. ఫెండర్ అంచు, లోపలి ప్లాస్టిక్ లైనర్, ముందు చక్రాలకైతే బంపర్ వెనక మూల. మూడోది చాలామంది లెక్కలోకే తీసుకోనిది, టైరు నడిమధ్య గీత పాత చోటు నుంచి ఎంత జరిగింది అనేది. ఎక్కడా తగలకపోయినా స్టీరింగ్, బేరింగ్, బ్రేకు వేసినప్పుడు కారు నడక, అన్నీ దీన్ని బట్టే మారతాయి.

పీసీడీ (నట్ల రంధ్రాలు ఉండే వృత్తం వ్యాసం), సెంటర్ బోర్ (వీల్ నడిమి రంధ్రం), నట్టు కూర్చునే గుంత ఆకారం, వీల్ మోయగల బరువు, ఇవి సరిపోకపోతే అసలు పోలికే అక్కర్లేదు. బరువు లెక్క ఇది: యాక్సిల్ మీద అనుమతించిన గరిష్ఠ బరువులో సగం కంటే వీల్ మీద అచ్చేసిన అంకె తక్కువ ఉండకూడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాక్‌స్పేసింగ్ కలిసినా స్పోక్ వెనక భాగం బ్రేక్ కాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే భాగానికి) తగలొచ్చు. స్పోక్ వంపు ఎలా ఉందో ఏ అంకే చెప్పదు. లోపల అంటించే బ్యాలెన్సింగ్ బరువులు కాలిపర్‌కి గీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒక వీల్ బిగించి చేత్తో తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

## ఆరు దారులు ఒకచోట

ఉదాహరణకి కారుతో వచ్చింది 16 అంగుళాల 7జె ఈటీ45, 205/55 టైరుతో (205 వెడల్పు మి.మీ.లలో, 55 అందులో శాతంగా సైడ్‌వాల్ ఎత్తు) అనుకుందాం. వెడల్పు పెంచాలనుకునేవాళ్లు తరచూ వెళ్లేది 17 అంగుళాలకి, 225/45 టైరుకి. రెండు టైర్ల మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, 632, 634 మి.మీ. కాబట్టి ఎత్తు సంగతి పక్కన పెట్టి పక్కలే చూడొచ్చు.

| ఎంపిక | బ్యాక్‌స్పేసింగ్ (మి.మీ.) | రిమ్ లోపలి అంచు | రిమ్ బయటి అంచు | మధ్య గీత |
|---|---|---|---|---|
| పాతది: 7జె ఈటీ45 | 146.6 | – | – | – |
| 7.5జె ఈటీ42 | 150.0 | 3 లోపలికి | 9 బయటికి | 3 బయటికి |
| 8జె ఈటీ45 | 159.3 | 13 లోపలికి | 13 బయటికి | మారదు |
| 8జె ఈటీ32 | 146.3 | మారదు | 26 బయటికి | 13 బయటికి |
| 8జె ఈటీ55 | 169.3 | 23 లోపలికి | 3 బయటికి | 10 లోపలికి |
| 8జె ఈటీ20 | 134.3 | 12 ఖాళీ పెరుగుతుంది | 38 బయటికి | 25 బయటికి |
| పాత వీల్ + 10 మి.మీ. స్పేసర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే పలక) | 136.6 | 10 ఖాళీ పెరుగుతుంది | 10 బయటికి | 10 బయటికి |

ఇవి రిమ్ అంచుల లెక్కలు. టైరు అంచు కొంచెం వేరు. 225/45 వెడల్పుని 7.5 అంగుళాల రిమ్ మీద కొలిచి చెప్తారు, రిమ్ అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. వెడల్పవుతుంది. అంటే 8జె మీద అది 230 దాకా ఉంటుంది. 205/55ని కొలిచేది 6.5 మీద, పేరులోని అంకె ప్రకారం 7జె మీద అది 210 (అసలు కొలత టైరుని బట్టి మారుతుంది). తేడా పక్కకి 10 మి.మీ. రిమ్ చూపించిన 13 కాదు. స్ట్రట్ దగ్గర వేలు దూరనంత సందు ఉన్నప్పుడు ఈ 3 మి.మీ. చిన్నదేం కాదు.

## ఆఫ్‌సెట్ మార్చకుండా వెడల్పు: 8జె ఈటీ45

మధ్య గీత కదలదు, అందుకే స్టీరింగ్ స్వభావం మారకుండా ఉండాలనుకునేవాళ్లకి ఇది మంచిది. లోపల 13 మి.మీ. ఉందా అన్నదే ప్రశ్న. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో స్ట్రట్ కింది గొట్టం చక్రంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది, స్టీరింగ్ తిప్పినా దానితోనే తిరుగుతుంది. కాబట్టి బండి నిలబెట్టి కొలిచిన సందే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మలుపులో టైరు సైడ్‌వాల్ వంగడం ఒక్కటే అదనం. అందుకే అక్కడ కనీసం 6 మి.మీ. మిగలాలని నేను పట్టుబడతాను. టై రాడ్, యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ), లోపలి లైనర్ అలా కాదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే దగ్గరకొస్తాయి.

## బ్యాక్‌స్పేసింగ్ మార్చకుండా వెడల్పు: 8జె ఈటీ32

నేను మోసపోయింది ఈ దారిలోనే. లోపల నిశ్చింత, చూపుకి కూడా బాగుంటుంది, ఫెండర్‌తో సమంగా నిండుగా కనిపిస్తుంది. కానీ బయటికి వచ్చిన 26 మి.మీ. సంగతి బండి ఖాళీగా ఉన్నప్పుడు తెలియదు. ఫెండర్ దగ్గర సందు స్ట్రట్ సందులాంటిది కాదు. సస్పెన్షన్ ఎంత దిగితే చక్రం అంత పైకి లేచి రేకు దగ్గరికి పోతుంది. ఒక్కడే నడిపే కారులో నెలల తరబడి ఏ చప్పుడూ రాకుండా, కుటుంబమంతా సామానుతో ఎక్కిన రోజున టైరు కోసుకోవడం అందుకే.

ముందు చక్రాలకి ఇంకో గొడవ ఉంది. స్టీరింగ్ తిరిగే ఇరుసు నుంచి టైరు ఎంత దూరం జరిగితే, తిప్పినప్పుడు అది గీసే వృత్తం అంత పెద్దది. తిన్నగా ఉన్నప్పుడు ఎక్కడా తగలని టైరు పార్కింగ్‌లో పూర్తిగా తిప్పేసరికి బంపర్ వెనక మూలకి తగులుతుంది.

## బ్యాక్‌స్పేసింగ్ పెంచి లోపలికి: 8జె ఈటీ55

బయట ఏమీ కనపడదు కాబట్టి దీన్ని కోరుకునేవాళ్లు తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో వేరే కారు వీల్స్ చవగ్గా దొరికినప్పుడు పొరపాటున దీంట్లో పడతారు. 23 మి.మీ. లోపలికి జరిగితే చాలా కార్లలో టైరు స్ట్రట్‌ని ముట్టుకుంటుంది. కొందరు స్పేసర్ వేసి సరిచేస్తారు. 10 మి.మీ. మంచి స్పేసర్‌తో ఈటీ55 కాస్తా ఈటీ45 అవుతుంది, అంటే టైరు ఉండాల్సిన చోటికే వస్తుంది. స్పేసర్‌ని నేను సమర్థించే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

## బ్యాక్‌స్పేసింగ్ బాగా తగ్గించడం: 8జె ఈటీ20, ఇంకా కింద

లోతైన అంచు వీల్స్ అందం ఇక్కడే ఉంది. వెల కూడా ఇక్కడే ఉంది, అది డబ్బు రూపంలో కనపడదు.

స్టీరింగ్ ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే ఒక చోట తాకుతుంది. టైరు నేలని పట్టుకునే ముద్ర మధ్యకీ ఆ చోటుకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. దీన్ని కంపెనీలు ఊరికే నిర్ణయించవు. 1972లో వచ్చిన ఆడి 80లో దీన్ని కావాలని నెగెటివ్‌గా పెట్టారు. ఒక పక్క చక్రం బాగా పట్టి ఇంకో పక్క జారినప్పుడు కారు పట్టిన వైపుకి లాగుతుంది కదా, ఆ లాగుడుకి ఎదురుగా చక్రం తనంతట తానే కాస్త తిరిగేలా. బ్రేక్ లైన్లు ఐమూలగా విడగొట్టిన కారులో ఒక లైన్ పోతే ముందు ఒక్క చక్రమే బ్రేక్ పడుతుంది. అప్పుడు కారు తిన్నగా ఆగడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది. టైరుని 25 మి.మీ. బయటికి జరిపితే ఆ నెగెటివ్ చెరిగిపోయి పాజిటివ్ అయినా కావచ్చు. ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉన్న రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసిన రోజున స్టీరింగ్ చేతుల్లోంచి లాగుతుంది. మామూలు రోజుల్లో గుంతలో పడ్డప్పుడల్లా చేతికి కొట్టడం, ఆపి ఉన్నప్పుడు తిప్పడం బరువెక్కడం కనిపిస్తాయి. పవర్ స్టీరింగ్ లేని పాత కారులో అయితే చెప్పక్కర్లేదు.

బేరింగ్ సంగతి ఇంకా నెమ్మది. బండి బరువు బేరింగ్ మీద పడే చోటుకి దగ్గర్లో ఉండాల్సిన మధ్య గీత 25 మి.మీ. దూరం పోతే, చేయి చాపి బకెట్ మోసినట్టు అవుతుంది. అదే బకెట్ ఒంటికి ఆనించి మోస్తే ఇబ్బంది లేదు. ఒకరోజులో ఏమీ కాదు. బేరింగ్ ముందే అరిగి మూలగడం మొదలెడుతుంది.

రెండు పక్కలా కలిపి ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, 50 మి.మీ. పెరుగుతుంది, మలుపులో బండి గట్టిగా కూర్చుంటుందనేది ఈ దారి వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. రేస్ ట్రాక్ మీద తిరిగే కారుకి దాన్ని వాడుకునే పద్ధతి ఉంది, కానీ వాళ్లు దాంతో పాటు సస్పెన్షన్ అమరిక కూడా మారుస్తారు, బేరింగులు తరచూ మారుస్తారు. వీల్స్ మాత్రమే మార్చినవాళ్లకి దక్కేది ఫొటో ఒక్కటే.

చాలా దేశాల్లో టైరు ట్రెడ్ ఫెండర్ దాటి బయటికి కనపడకూడదనే నియమం కూడా ఉంది. 38 మి.మీ. దగ్గర అది దాదాపు తప్పకుండా అడ్డొస్తుంది.

## స్పేసర్

పాత వీల్స్ ఉంచుకుని నిండుగా కనిపించాలనుకునేవాళ్ల దారి. స్పేసర్ ఎంత మందం ఉంటే బ్యాక్‌స్పేసింగ్ అంత తగ్గుతుంది, కాబట్టి పైన చెప్పిన బేరింగ్, స్టీరింగ్ లెక్కలన్నీ దీనికీ వర్తిస్తాయి. అదనంగా ఒక ప్రమాదం, నట్టుకి దొరికే మర తగ్గుతుంది. స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) లావు ఎంతో కనీసం అంత పొడవు మర పట్టాలి. 12 మి.మీ. స్టడ్, మర ఒక్కో చుట్టుకి 1.5 మి.మీ. అయితే నట్టు 8 చుట్లు తిరగాలి. చేత్తో బిగిస్తూ లెక్కపెట్టండి. ఐదు చుట్లకే ఆగిపోతే ఆ స్పేసర్ తీసేయండి, లేదా పొడవు స్టడ్‌లు వేయించండి.

3, 5 మి.మీ. పల్చటి పలకలు ఇంకా మోసం. హబ్ మధ్యలో వీల్‌ని నిలబెట్టే చిన్న గట్టు ఉంటుంది, పలక దాన్ని మింగేస్తుంది. వీల్ గట్టు మీద కూర్చోకుండా నట్ల మీదే కేంద్రం వెతుక్కుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. స్పేసర్‌కే సొంత గట్టు ఉన్నది తీసుకోండి.

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి, సెలవుల్లో కుటుంబంతో తిరిగే కారుకి నేను చెప్పేది 7.5జె ఈటీ42. పేరుకి అర అంగుళమే, కానీ 225/45కి అసలు కొలత రిమ్ అదే. మధ్య గీత 3 మి.మీ. జరిగితే స్టీరింగ్‌కి తెలియను కూడా తెలియదు. "8 లేకపోతే ఏం అందం" అనేవాళ్లుంటారు. లోపల 13 మి.మీ. దొరికితే ఈటీ45, దొరకకపోతే ఈటీ40 దగ్గర ఆగండి. మధ్య గీత 10 మి.మీ. దాటి జరగడం రోజువారీ కారుకి నాకు నచ్చదు.

నిండుగా కనిపించాలి, ఎక్కువ మందిని ఎక్కించను అనేవాళ్లు ఈటీ32 వేసుకోవచ్చు. అయితే వెనక ఫెండర్ అంచు మడత సంగతి ముందే చూసుకోవాలి. ఇంకొకరికి బండి ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పాలి కూడా.

పెద్ద టైర్లు వేసే 4x4 బండ్ల కథ వేరు. వాటిలో బ్యాక్‌స్పేసింగ్ తగ్గించేది అందం కోసం కాదు. లావు టైరు పూర్తిగా తిప్పినప్పుడు చాసిస్ పట్టీకో యాంటీ రోల్ బార్‌కో తగులుతుంది, దాన్ని తప్పించడానికి. తగ్గించిన కొద్దీ వృత్తం పెద్దదై ఫెండర్ వెనక భాగానికి తగులుతుంది. అందుకే ఒకేసారి ఎక్కువ తగ్గించకుండా, లోపల తగలడం ఆగే చోటు దగ్గర ఆపేయాలి.

మంచు గొలుసులు వాడాల్సిన చోట ఉండేవాళ్లు లోపల ఇంకో వేలెడంత సందు ఉంచుకోవాలి. వాళ్లకి 8జె ఈటీ45 సాధారణంగా కుదరదు.

## డబ్బు ఇచ్చే ముందు, ఇచ్చాక

ఒక్క వీల్ టైరుతో సహా బిగించి చూపించమనండి. వద్దంటే ఇంకో చోట కొనండి. చక్రం లేచి ఉండగా చేత్తో పూర్తిగా తిప్పండి. కిందికి దించాక స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పండి. స్ట్రట్ మీద, ఫెండర్ మడత మీద మెత్తటి బంకమట్టి చిన్న ముద్దలుగా అతికించి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, ఎగుడుదిగుడు రోడ్డు మీద నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. ముద్ద నలిగితే ఎంత మిగిలిందో చూడండి. నలిగిన మట్టి మందమే మీకు మిగిలిన ఖాళీ.

హబ్ ముఖం మీద తుప్పు పొట్టు గీకేయించండి, అది ఇరుక్కుంటే వీల్ సమంగా కూర్చోదు. నట్లు టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో ఉన్న అంకెకి బిగించాలి. 80 నుంచి 150 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి అదే రెంచ్ పెట్టాలి. ఆ రోజే టార్చి వేసి టైరు లోపలి సైడ్‌వాల్ చూడండి. నిగనిగలాడే సన్నటి గీత కనపడితే, చప్పుడు వినపడకపోయినా సరే, అది ఎక్కడో ఒరుసుకుంటోంది.